పది ఇళ్ల బియ్యం

సూర్యాపేట ప్రభుత్వ ఆసుపత్రి. ఇంకా తెల్లారలేదు. నవంబరు చివరి చలి, దానికి తోడు హైవే మీద లారీల రొద. మీరు గేటు దాటి లోపలికొస్తే ముందు కనబడేది రోగులు కాదు, రోగుల వెంట వచ్చినవాళ్లు. వరండా అంచున చద్దర్లు పరుచుకున్నారు. పోతాయన్న భయంతో చెప్పుల జత తల కింద పెట్టుకుని పడుకున్నాడొకాయన. ఒక పిల్ల ఫ్లాస్కు పట్టుకుని వేడినీళ్లు ఎక్కడ దొరుకుతాయని అడుగుతోంది. ఇంకో ముసలాయన బల్బు కింద నిలబడి చీటీని ఇటూ అటూ తిప్పుతున్నాడు. ఆ తిప్పే తీరులోనే తెలుస్తోంది చదువు రాదని. 2019లో ఇక్కడ మెడికల్ కాలేజీ మొదలైంది. తుంగతుర్తి వైపు నుంచీ మోతె వైపు నుంచీ వచ్చేవాళ్లకు ఇదే పెద్దాసుపత్రి.

గేటు బయట ఆటో ఆగింది. ముగ్గురు ఆడవాళ్లు దిగారు. ఒకామె చేతిలో ఇడ్లీల డబ్బా, ఇంకొకామె చేతిలో పాల క్యాను. మూడో ఆమె భుజానికి పాత రెక్సిన్ సంచి. ఆమెను అమ్మగారు అంటారు. అంటే పాస్టరుగారి భార్య. ఊరి చివర కాలనీలో రేకుల కప్పు కింద నడిచే సంఘం వాళ్లది.

అమ్మగారు పెట్టుకున్న కట్టడి ఒకటుంది. ఇక్కడ ఇడ్లీ పెట్టేటప్పుడు వాక్యం చెప్పకూడదు. ప్రార్థన చేయమని వాళ్లంతట వాళ్లు అడిగితే చేస్తుంది, అదీ పక్కన కూర్చుని, మెల్లగా. ఇంకో కట్టడి ఫోన్ల గురించి. ఆ వేళ పాల క్యాను మోసే అమ్మాయి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడదామని ఫోన్ బయటికి తీసింది.

"ఆకలైనోళ్ల మొకం ఫోన్ల పెట్టి ఏం జేస్తవ్ బిడ్డా? లోపల బెట్టు."

అమ్మాయి లోపల పెట్టేసింది. ఈ మాట ఇంకా చాలామందికి చేరాల్సి ఉంది. ఒక్క అరటిపండును ఐదుగురు పట్టుకుని, తీసుకునేవాణ్ని మధ్యలో నిలబెట్టి దిగిన ఫోటోలు మన ఫోన్లలో ఎన్ని లేవు! సేవకుల ఫోన్లలోనూ, నాయకుల ఫోన్లలోనూ.

ఇడ్లీలు పావుగంటలో అయిపోయాయి. అసలు పని ఆ తర్వాత మొదలైంది. అమ్మగారు ఒక మెట్టు మీద చతికిలబడి రెక్సిన్ సంచి తెరిచింది. అందులో ఏముందో మీరూ వంగి చూడండి. రెండు మూడు రకాల ఫోను చార్జర్లు, బాల్‌పెన్నులు, పిన్నీసులు, సబ్బు బిళ్లలు, ఆడవాళ్లకు కావలసిన ప్యాడ్లు, పసిపిల్లలకు చుట్టే పాత మెత్తటి చీర ముక్కలు, జెరాక్సు షాపుకు ఇవ్వడానికి చిల్లర. ఆసుపత్రికి వచ్చినవాడి ఇబ్బందులన్నీ ఆ సంచికి తెలుసు. ఆరోగ్యశ్రీ కౌంటరు దగ్గర ఆధార్ జెరాక్సు అడుగుతారు. ఊళ్లోంచి హడావుడిగా వచ్చినవాడి ఫోను అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. కొడుకు హైదరాబాదులో, కూతురు అత్తగారింట్లో. ఎవరికి చెప్పాలన్నా చార్జింగు కావాలి.

చీటీ ముసలాయన దగ్గరికొచ్చాడు. అమ్మగారు చదివింది. "రక్తం పరీక్షకు రాసిన్రు తాతా. పరగడుపున పోవాలె. ఇడ్లీ తిన్నవా?"

"ఇప్పుడే తింటినాయె."

"అయ్యో. అయితే జరసేపు ఆగాలె. అడిగి చెప్త పా." ఇడ్లీ పెట్టింది తామే. ఆమె నవ్వుకుంటూ లేచి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లింది.

తిరిగొచ్చేసరికి మెట్టు మీద మోతె వైపు పల్లెటూరి ఆమె కూర్చునుంది. కోడలికి కాన్పయింది, పిల్లకు బరువు తక్కువని లోపల అద్దాల పెట్టెలో పెట్టారు. ఆమె కొంగుముడి విప్పి ఒక జామకాయ తీసింది. గోటితో సగానికి చీల్చి, పెద్ద ముక్క అమ్మగారి చేతిలో పెట్టింది. "మా పెరట్ల చెట్టుదే. తినమ్మా."

అమ్మగారు వద్దనలేదు. పక్కనే కూర్చుని, గింజలతో సహా నమిలి తినేసింది. బయటికొచ్చాక పాల క్యాను అమ్మాయి ఉండబట్టలేక అడిగింది, "ఆమెకే లేదు గదా అమ్మగారూ, మీరెందుకు తిన్నరు?"

"నేను తినకపోతే, ఆమె తిన్న ఇడ్లీ అడుక్కున్నట్టయితది గదనే."

*

పొద్దెక్కాక సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు. అమ్మగారూ అయ్యగారూ ఎక్కారు, వెనకే మీరు. అయ్యగారి చేతిలో జిప్పు సంచి బైబిలు, తెల్ల చొక్కా, మోచేతి దగ్గర ఇస్త్రీ మాడిన మచ్చ. కండక్టరు వచ్చి అమ్మగారి ఆధార్ చూసి సున్నా టికెట్టు కొట్టాడు. అయ్యగారు మాత్రం నోటు తీయాల్సి వచ్చింది. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచీ ఈ ఇంట్లో ఇదో వేళాకోళం. "మా అమ్మగారి సేవకు గవర్నమెంటే చందా ఇస్తున్నది, నాకే ఎవరూ ఇస్తలేరు" అంటాడాయన. నవ్వులాటకే అన్నా అందులో లెక్క ఉంది. ఇదివరకు పాస్టర్ల ఫెలోషిప్ కూడికకు అయ్యగారు ఒక్కడే వెళ్లేవాడు, ఇద్దరి చార్జీలు పెట్టలేక. ఇప్పుడు అమ్మగార్లూ వస్తున్నారు. వాళ్లు వచ్చాక ఎవరింట్లో జ్వరముంది, ఎవరి పిల్ల ఫీజు ఆగిపోయింది అన్న సంగతులు మగవాళ్ల ప్రార్థన అంశాల కంటే ముందే తెలిసిపోతున్నాయి.

బస్సు 65వ నంబరు జాతీయ రహదారి మీద మునగాల వైపు పరిగెడుతోంది. కిటికీకి రెండు వైపులా కోసిన మళ్లు, హార్వెస్టరు తిరిగిన చారలు, సర్వీసు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. వడ్ల చుట్టూ రాళ్లు పేర్చి, బండ్లు ఎక్కకుండా ఒక ముసలమ్మ కాపలా.

ఈ ప్రాంతానికి బాప్టిస్టు సువార్త వచ్చిన దారి కొంచెం విచిత్రమైనది. అమెరికన్ బాప్టిస్టు మిషను నల్గొండలో 1890లో పని మొదలుపెట్టింది. అక్కడికి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు అమెరికావాళ్లు కారు. అప్పటి రష్యా సామ్రాజ్యపు దక్షిణాన, ఇప్పటి ఉక్రెయిన్ నేలలో, జర్మన్ మాట్లాడే మెన్నొనైట్ రైతుల బిడ్డలు. వాళ్ల వెనక వాళ్ల ఊళ్లవాళ్లే మరికొందరు వచ్చారు. సూర్యాపేట మిషను స్టేషను కూడా అలా వచ్చినవాళ్లు నడిపిందే. అక్కడి గోధుమ రైతులు తమ పంట డబ్బుల్లోంచి ఇక్కడి బడికీ మందుకూ పంపారు. మొదటి ప్రపంచ యుద్ధం, దాని వెంటే రష్యా విప్లవం వచ్చి ఆ ఆదరువు తెగిపోయింది. ఇచ్చినవాళ్లే ఆ తర్వాత ఆకలికి మాడారు, కొంపా గోడూ వదిలి దేశాలు పట్టారు. ఇవ్వడం ఎప్పుడూ ఒకవైపు నుంచే ఉంటుందనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

*

కోదాడ తెలంగాణకు చివరి పెద్ద ఊరు. ఇంకాస్త ముందుకు పోతే రామాపురం క్రాస్‌రోడ్డు. పాలేరు వంతెన దాటితే గరికపాడు, ఆంధ్ర.

పాస్టర్ల ఫెలోషిప్ నెలకో సంఘంలో జరుగుతుంది. ఈ నెల వంతు పట్టణంలో ఓ చిన్న సందులోని సంఘానిది. గుమ్మం బయట విడిచిన చెప్పులు చూస్తే లోపల ఎవరెవరున్నారో తెలిసిపోతుంది. ఒక జత నల్ల బూట్లు, నాలుగైదు తోలు చెప్పులు, మిగతావన్నీ హవాయి. సందు మొదట్లో ఒక కారు. దాని పక్కన వరసగా బండ్లు, వాటిలో ఒకదానికి సీటు చిరిగి ప్లాస్టిక్ కవరు కట్టి ఉంది.

లోపల కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. స్టేజి మీద ఒక్కటీ లేదు. అధ్యక్షులు అయ్యగారు పెట్టిన పద్ధతి అది. డెబ్బై దాటిన బాప్టిస్టు పాస్టరు, రిటైరైనా ఇంటి దగ్గర కూర్చోలేని మనిషి. మహాసభల్లో స్టేజి మీద కుర్చీ దక్కలేదని అలిగి వెళ్లిపోయిన దైవజనులను చూసీ చూసీ ఈ పని చేశాడు.

"వందనాలు అయ్యగారూ."

"వందనాలు, వందనాలు. కూసోండ్రి."

మొదట పాట. ఏ పాట? ఇక్కడే ప్రతిసారీ ఉండే చిక్కు. పాత మిషను సంఘాల వాళ్ల చేతుల్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. హెబ్రోను సంఘాల వాళ్లకు సీయోను గీతాలు. బైబిలు మిషను వాళ్ల పాటలు వేరు. పెంతెకొస్తు కుర్రాళ్లకు పుస్తకమే అక్కర్లేదు, ఫోనులో ఉన్నాయి. చివరికి తలా ఒకటి అని ఒప్పందం. ఎవరి పాట వస్తే మిగతావాళ్లు నోరు కదుపుతూ పల్లవి దగ్గర అందుకుంటారు. ఒక కీర్తన మూడో చరణం దగ్గర మాత్రం ముసలాళ్ల గొంతులే మిగిలాయి.

వీళ్లకు ఒకరితో ఒకరికి పడనివి చాలా ఉన్నాయి. బాప్తిస్మం ఎలా ఇవ్వాలి, ప్రభువు బల్లలో ఎవరిని చేర్చాలి, ఆడవాళ్లు నగలు పెట్టుకోవచ్చా, విడాకులైనవాళ్లకు పెళ్లి చేయవచ్చా. వాటి జోలికి వెళ్తే మధ్యాహ్న భోజనం చల్లారిపోతుంది. ఇవన్నీ పక్కన పెట్టినా వీళ్ల మధ్య అసలు భయం ఇంకొకటుంది, ఎవరూ పైకి చెప్పనిది. విశ్వాసులు చేజారడం. ఇరవై కుటుంబాల సంఘంలో మూడు కుటుంబాలు పక్క సంఘానికి పోతే ఆ నెల ఇంటి అద్దె పోయినట్టే. అందుకే తన ప్రసంగ వేదిక మీద ఇంకొకరిని నిలబెట్టడమంటే తాళాల గుత్తి ఇవ్వడమే.

ఈ నెల సాక్ష్యం చెప్పడానికి లేచినవాడు తండాలో సేవ చేసే కుర్ర పాస్టరు. లంబాడీ యువకుడు. సీటు చిరిగిన బండి అతనిదే. వానాకాలం చివర్లో డెంగీ పట్టింది. పడక మీద నుంచి లేవలేని ఆ ఆదివారాల్లో తండాకు వెళ్లి వాక్యం చెప్పింది ఎవరో తెలుసా? ఆ మూల కుర్చీలో తల దించుకు కూర్చున్న నడివయసు మనిషి. వేరే శాఖ. బాప్తిస్మం విషయంలో ఇదే గదిలో ఈ కుర్రాడితో గట్టిగా వాదించినవాడు.

"వచ్చిండు, వాక్యం జెప్పిండు" అంటున్నాడు కుర్రాడు. "కానుకలు లెక్కబెట్టేటప్పుడు ఇద్దరు విశ్వాసులను పక్కన నిలబెట్టుకున్నడట. మొత్తం తీస్కొచ్చి మా ఇంటామె చేతిల బెట్టిండు. ఆయన బస్సు కిరాయి సుత తీసుకోలే. మా తండోళ్లు నన్ను అడుగుతున్నరు, ఆ అయ్యగారు మళ్లెప్పుడొస్తడని."

గది నవ్వుతో గలగలలాడింది. మూల కుర్చీలోని మనిషి ఇంకా కిందికే చూస్తున్నాడు. "నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మీరు రాండ్రి, సరిపోతది" అన్నాడు చివరికి.

తర్వాత ఒక పాత గొడవ ప్రస్తావనకు వచ్చింది. ఇదీ చూడాలి, ఎందుకంటే మంచితనం ఊరికే పారదు, ఎక్కడో ఒకచోట దాన్ని తవ్వుకోవాలి. ఒక చిన్న స్వతంత్ర సంఘంలో ముసలామె చనిపోయింది. పల్లెల్లో పాత మిషను సంఘాలకు సమాధుల తోటలు ఉంటాయి. నిన్నమొన్న పుట్టిన సంఘాలకు స్థలమెక్కడిది? ఊరి శ్మశానానికి పోతే కులం అడుగుతారు, క్రైస్తవులని తెలిస్తే మతం అడుగుతారు. దగ్గర్లోని పాత సంఘాన్ని అడిగితే కమిటీ పెద్ద ఒకాయన రిజిస్టరులో పేరు లేదన్నాడట. శవం ఇంటి ముందు పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు.

అధ్యక్షులు అయ్యగారు ఆ రోజు తానే బండి వెనక కూర్చుని ఆ ఊరు వెళ్లాడు. అక్కడ ఏం మాట్లాడాడో ఇప్పుడు మళ్లీ చెప్పమని అందరూ అడుగుతున్నారు. ఆయన చేయి ఊపాడు. "ఏముంది, సచ్చినామెను సభ్యత్వం అడిగితే ఆమె ఏం జెప్తదిరా అన్న. గడ్డపార ఇయ్యిండ్రి, నేనే తవ్వుత అన్న. నేను తవ్వితే నన్ను సుత ఆడ్నే బెట్టాల్సొస్తదని వాళ్లకు భయమైనట్టున్నది. నలుగురు పోరగాళ్లు వచ్చి తవ్విన్రు."

ఇక నుంచి ఎవరికి అవసరమైనా ఆ తోటలో తూర్పు మూల ఇవ్వాలని మాట తీసుకొచ్చాడాయన. కాగితం మీద రాయించలేదు. కాగితం అడిగితే మళ్లీ కమిటీ కూర్చుంటుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మాట 2020 లాక్‌డౌన్ మీదికి మళ్లింది. ఆ మార్చి 25న హైదరాబాదు హాస్టళ్లు ఖాళీ చేసిన పిల్లలు వేలమంది ఇదే రోడ్డున వచ్చి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కుపోయారు. ఆ ఏడు గుడులూ మసీదులూ చర్చిలూ ఒకేసారి మూతపడ్డాయి. చర్చి మూస్తే కానుక లేదు. జీతం ఇచ్చే మిషను లేని పాస్టరుకు కానుకే జీతం. ఒకాయన చెబుతున్నాడు, అన్నం కలుపుతూనే. రేషను కిట్లు పంచడానికి చందాలు పోగుచేసి రోజంతా తిరిగి ఇంటికొస్తే, ఆయన ఇంట్లోనే బియ్యం డబ్బా అడుగంటిందట. పంచే కిట్టులో ఒకటి తీసుకోవడానికి మనసొప్పలేదు. తెల్లారి తలుపు తీస్తే గడప ముందు సగం బస్తా బియ్యం. ఎవరు పెట్టారో ఇప్పటికీ చెప్పలేదు. "ఎవరో తెలిస్తే వాళ్లకు ప్రార్థన చేసేటోణ్ని. తెల్వక అందరికీ చేస్తున్న."

కూడిక ముగిసి ఒక్కొక్కరే లేస్తున్నారు. కారులో వచ్చిన అయ్యగారు తండా కుర్రాణ్ని పక్కకు పిలిచి, "నీ బండి తాళం ఇయ్యి తమ్ముడూ, బజార్ల చిన్న పనున్నది, నా కారు సందుల తిరగదు" అన్నాడు. పావుగంటలో వచ్చి తాళం ఇచ్చేశాడు. ఆయనకు బజారులో పనేం లేదని ముల్లు చూస్తే తెలుస్తుంది. ట్యాంకు నిండుగా ఉంది. కుర్రాడు ముల్లు చూశాడు, ఆయన వైపు చూశాడు, ఏమీ అనలేదు. బండి హ్యాండిలుకు వేలాడుతున్న గుడ్డ సంచి విప్పి కారు వెనక సీట్లో పెట్టాడు. చివరి కాపు సీతాఫలాలు.

"ఇవన్నీ ఎందుకయ్యా?"

"పండ్లు మెత్తబడ్డయ్, ఇయ్యాలనే తినండ్రి" అన్నాడు వాడు, కిక్కు కొడుతూ.

*

కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా దారి. సాగర్ ఎడమ కాల్వ కింది నేల ఇది. లాల్ బహదూర్ కాల్వ అని దాని అసలు పేరు. 1967లో నీళ్లు వదిలినప్పటి నుంచీ ఈ వైపు బతుకంతా వడ్ల చుట్టూ తిరుగుతోంది. హుజూర్‌నగర్‌లోనే 2025 ఉగాది నాడు రేషను షాపుల్లో సన్నబియ్యం ఇచ్చే పథకం మొదలుపెట్టారు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ఆదివారం తెలుస్తుంది.

ఆదివారం మిర్యాలగూడ. ఊళ్లోకి రాకముందే వాసన వస్తుంది, నానబెట్టి ఉడికించిన వడ్ల వాసన. ఉప్పుడు బియ్యం మిల్లుల పొగగొట్టాలు, ఊక బూడిద, మిల్లు గేట్ల ముందు బారులు తీరిన ధాన్యం ట్రాక్టర్లు. డ్రైవర్లు ట్రాక్టరు కిందే పడుకున్నారు. ఈ మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లలో చాలామంది బీహారు నుంచి వచ్చినవాళ్లు.

ఇవాళ సంఘంలో కోత పండుగ. గుమ్మానికి వరి కంకుల తోరణం. లోపల ముందు వరసలో గుమ్మడికాయలు, సొరకాయలు, బెల్లం, గుడ్ల బుట్ట, కాళ్లు కట్టేసిన నాటుకోళ్లు. ప్రసంగం మధ్యలో ఒక కోడి అరిచిన ప్రతిసారీ పిల్లలకు పండగే.

పండుగైనా ఆదివారం ఆదివారమే. కానుకల పాట మొదలుకాగానే ఆడవాళ్లు లేచి వరసగా ముందుకొస్తున్నారు. వాళ్ల చేతుల్లో ఏముందో చూడండి. హార్లిక్స్ డబ్బా, స్టీలు గిన్నె, పాలిథిన్ కవరు, ఒకామె చేతిలో మనవడి పాత లంచ్ బాక్సు. అన్నిట్లోనూ బియ్యం. పిడికెడు బియ్యం అంటారు దీన్ని. రోజూ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు పక్కకు తీస్తారు. వారం తిరిగేసరికి అవి సోలెడో మానెడో అవుతాయి. తెలుగు సంఘాల్లో తరాలుగా ఉన్న అలవాటు. డబ్బు చేతిలో ఉండేది మగవాళ్లకు, బియ్యం డబ్బా మీద అధికారం ఆడవాళ్లది. మొగుణ్ని అడగకుండా ఇవ్వగలిగిన కానుక ఇది.

ఈ బియ్యం కొంత ముసలి విధవరాండ్రకు పోతుంది, కొంత పాస్టరు ఇంటికి. ఇక్కడి అమ్మగారు నడుం మీద చేయి పెట్టుకుని చెబుతోంది, "పది ఇండ్ల బియ్యం ఒక్క గిన్నెల ఎన్నడన్న సక్కగ ఉడుకుతదా? కొత్త బియ్యం ముద్దయితది. పాతది పలుకు మీదనే ఉంటది. మొదట్ల మస్తు ఏడ్చేదాన్ని. ఇప్పుడు రేషన్ల సన్నబియ్యం ఇస్తున్నరు గదా, జర నయమైంది. అయినా ఎవరింటి బియ్యమో నోట్ల బెట్టుకుంటే తెలుస్తది నాకు." ఆమె ఇద్దరు పిల్లలూ ఈ ముద్దా పలుకూ తినే పెరిగారు.

ఇక్కడ నాకు డోర్నకల్ గుర్తుకొస్తుంది. ఖమ్మం దాటి ఇంకొంచెం పైకి పోవాలి. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో తిరునెల్వేలి వైపు నుంచి అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని సేవ మొదలుపెట్టాడు. మరుసటి ఏడే స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభకు వెళ్లి, తెల్లదొరల నిండు సభలో లేచి నిలబడి ఒక ఫిర్యాదు చేశాడు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, స్నేహం మాత్రం ఇవ్వలేదన్నది దాని సారం. కొందరికి ఆ మాట రుచించలేదు. రెండేళ్ల తర్వాత, 1912 డిసెంబరు 29న ఆయనే ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో పోయేదాకా డోర్నకలే ఆయన ఊరు.

దొరలు వెళ్లిపోయారు గానీ ఆ ఫిర్యాదు వెళ్లలేదు. పెట్టేవాడు పైన, తినేవాడు కింద అన్న లెక్క ఇప్పుడు మనవాళ్ల మధ్యే నడుస్తోంది. దుప్పట్లు పంచే ఎన్నారై ట్రస్టుకూ పల్లె సంఘానికీ మధ్య, కారు పాస్టరుకూ బండి పాస్టరుకూ మధ్య. పది ఇళ్ల బియ్యం తినే పాస్టరుకు ఆ పైమెట్టు దొరకడం కష్టం. ఎవరింటి గింజ తన కంచంలో ఉందో తెలిసినవాడు ఆ ఇంటివాళ్ల మీద పెద్దరికం చేయడానికి కొంచెమైనా జంకుతాడు. అందరూ జంకుతారని నేననను.

ఈ ఊళ్లో కలిసి కూర్చుని తినడం గురించి మాట్లాడేటప్పుడు ఇంకొకటి దాటేసి పోలేం. 2018 సెప్టెంబరు 14న, కులం దాటి పెళ్లి చేసుకున్న ఒక దళిత క్రైస్తవ యువకుణ్ని మిర్యాలగూడలోనే, ఆసుపత్రి నుంచి భార్యతో బయటికి వస్తుంటే నరికి చంపారు. ఆమె అప్పటికి గర్భవతి. చర్చిల్లోనూ కులం లేకపోలేదు. బల్ల దగ్గర ఒకే గిన్నె, పెళ్లి సంబంధాల దగ్గర వేరే లెక్క. ఆరాధనలో అన్నా అక్కా అనుకున్నవాళ్లు వియ్యానికి ఒప్పుకోరు. అందుకే ఈ సంఘంలో బంతి భోజనం దగ్గర పెద్దలు పట్టుబట్టే పద్ధతి ఒకటుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరు, ఎవరికీ కుర్చీ వేయరు, మోకాళ్ల నొప్పులవాళ్లకు తప్ప. పాస్టరు వడ్డించాక చివరి బంతిలో కూర్చుంటాడు, అదీ గుంజ పక్కన, గంజులు కడిగేవాళ్లతో.

పట్టాలు పరిచారు. బగారన్నం, కోడికూర, పప్పుచారు. మిల్లు హమాలీలు పదిమంది దాకా వచ్చారు. వాళ్లలో ఎందరు క్రైస్తవులో ఎవరూ అడగలేదు. కోడికూర గరిటె పట్టుకున్న కుర్రాడికి వచ్చిన హిందీ రెండే మాటలు, "ఔర్ లేలో". అవి చాలు. మీ పక్కన కూర్చున్న హమాలీ పప్పుచారు తాగి, నాలుక కాలి, గ్లాసు నీళ్ల కోసం చూస్తే ఎదుటి వరసలోని ముసలామె తన గ్లాసు జరిపింది. తాగి తిరిగి ఇచ్చాడు. ఆమె అందులోనే మళ్లీ నీళ్లు పోసుకుంది.

భోజనాలయ్యాక వేలం. దీనికోసమే కొందరు వస్తారు, నిజం చెప్పాలంటే. రిటైరైన హెడ్మాస్టరుగారు గంటె, పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. గుమ్మడికాయ ఐదొందలకు పోయింది. పాడుకున్నాయన దాన్ని మళ్లీ వేలానికే ఇచ్చేశాడు. రెండోసారి నాలుగొందలకు పోయింది. మళ్లీ వచ్చింది. మూడోసారి పాడుకున్నామె చంకలో పెట్టుకుని పోయింది, మళ్లీ ఇవ్వమంటారేమోనని వెనక్కి చూడకుండా.

తర్వాత నల్ల పెట్ట. గ్లాసు జరిపిన ముసలామె లేచి నిలబడింది. "వంద!"

అందరూ గొల్లుమన్నారు. ఆ కోడి తెచ్చి కానుకగా పెట్టింది ఆమే. "గుడ్ల మీదికొచ్చిన పెట్ట సారూ, ఇయ్యాల పొద్దున్నే తెలిసె. దేవునికిచ్చిన, వాపసు అడుగుత లేను, కొనుక్కుంటున్న."

గవర్నమెంటు పింఛను మీద బతికే మనిషి. హెడ్మాస్టరుకు సంగతి అర్థమైంది. మిగతావాళ్లకూ అర్థమైంది. ఒక్కరూ నోరు మెదపలేదు. "వంద ఒకటోసారి, రెండోసారి..." గబగబా అనేస్తున్నాడాయన, గంటె ఎత్తి.

ముసలామె మొహం ఎర్రబడింది. "ఆగుండ్రి సారూ! ఏంది, నాకు ఊకెనే ఇస్తున్నరా? ఎవ్వరికీ నోరు లేదా? పాట పాడుండ్రి!"

పాస్టరు అయ్యగారు మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు. "నూట యాభై."

"రెండొందలు!"

"రెండొందల యాభై" ఎవరో స్త్రీల సమాజం వైపు నుంచి.

"మూడొందలు!"

హెడ్మాస్టరు గంటె ఎత్తాడు. మూడొందలు ఒకటోసారి. మూడొందలు రెండోసారి. వెనక గోడ దగ్గర నుంచి బీహారు హమాలీ, నిజంగానే కోడి కావాలనుకున్నాడో ఏమో, చేయి పైకెత్తి అరిచాడు, "సాడే తీన్ సౌ!"

ముసలామె వెనక్కి తిరిగి చూసింది. ఇందాక తన గ్లాసులో నీళ్లు తాగినవాడే. "నాలుగొందలు! ఇంక పాడకురా నువ్వు!" వాడికి మాట తెలియకపోయినా గొంతు అర్థమైంది, చేయి దించేశాడు. గంటె పళ్లెం మీద ఠంగున పడింది.

కోడి కట్లు విప్పించుకుని చంకన పెట్టుకున్నాక ముసలామె కొంగుముడి విప్పింది. అందులో మూడొందలే ఉన్నాయి. "మిగతా వంద పింఛను పడ్డంక ఇస్త."

హెడ్మాస్టరు పుస్తకం తెరిచి, ఆమె పేరు రాసి, ఎదురుగా వంద రూపాయలు బాకీ అని వేసుకున్నాడు.